5,32,640: ఒక విద్యారుణం తీర్చే ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 22

మధ్యాహ్నం పోస్టులో బ్యాంకు ఉత్తరం వచ్చింది. జులై 1 నాటికి నా విద్యారుణం నిల్వ 5,32,640 రూపాయలనీ, ఆగస్టు 5 నుంచి నెలవారీ వాయిదాలు మొదలవుతాయనీ, ఎన్నేళ్లలో తీర్చదలచుకున్నదీ శాఖకు వచ్చి చెప్పవలసిందనీ అందులో ఉంది. నాన్నగారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "మనం తెచ్చుకున్నది నాలుగు లక్షలే కదమ్మా" అన్నారు.

నేను 2019లో భీమవరం దగ్గరి ఒక కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి 2023లో పూర్తి చేశాను. మేనేజ్‌మెంట్ కోటా సీటు కావడం వల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించలేదు. 4 లక్షల వరకు విద్యారుణానికి తాకట్టు గానీ మూడో మనిషి హామీ గానీ అడగరు కాబట్టి, ఉండి అనే ఊరి దగ్గర రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసే నాన్నగారు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టి సరిగ్గా ఆ 4 లక్షలే తీసుకున్నారు. చదువుకునే కాలానికీ, ఆ తర్వాత మరో ఏడాదికీ వాయిదాలు ఉండవని బ్యాంకులో చెప్పినప్పుడు మా ఇంట్లో అందరికీ ఆ మాట బాగా వినిపించింది. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ నడుస్తుందన్న మాట అదే పత్రంలో రెండో పేజీలో ఉందని ఈ రోజు చూశాను.

ఈ అప్పును ఒక ప్రాజెక్టులా తీసుకొని డైరీ రాయాలనుకున్నాను. మొదటి పని, ఆ అంకె ఎలా వచ్చిందో నా చేత్తో నేను లెక్క కట్టడం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు విడతలుగా ఇచ్చారు. మొదటి లక్ష 58 నెలలు, కరోనా వల్ల ఆలస్యమైన రెండో లక్ష 43 నెలలు, మూడోది 33 నెలలు, నాలుగోది 22 నెలలు వడ్డీ మోశాయి. అన్నీ కలిపితే లక్ష రూపాయలు 156 నెలలు వాడుకున్నట్టు. ఏడాదికి పది శాతం చొప్పున లక్షకు నెలకు 833 రూపాయలు వేసుకుంటే 1,30,000 అవుతుంది. మధ్యలో రేటు మారింది కాబట్టి బ్యాంకువారి 1,32,640 సరైన లెక్కే. ఈ కాలంలో బారువడ్డీ మాత్రమే వేస్తారు. వాయిదాలు మొదలయ్యే రోజున ఆ వడ్డీ అంతా అసలులో కలిసిపోతుంది, ఆ తర్వాత దానికీ వడ్డీ పుడుతుంది. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేవారికి రేటులో ఒక శాతం రాయితీ ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. మొదటి ఏడాది నెలకు 833 రూపాయలంటే మా ఇంట్లో కష్టమే గానీ అసాధ్యం కాదు.

వాయిదాలు ఉండని ఈ మారటోరియం కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఒకటి 2009 నుంచి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండాలి. మా ఆదాయం ఆ లోపే. అయితే 2018 నుంచి కళాశాలల నాణ్యతను పరిశీలించే న్యాక్ గానీ కోర్సులను పరిశీలించే ఎన్‌బీఏ గానీ ఇచ్చిన గుర్తింపు ఉన్నచోట చదివినవారికే అది దక్కుతోంది. నేను చేరిన నాటికి మా కళాశాలకూ మా కోర్సుకూ ఆ గుర్తింపు లేదు. సీటు ఖాయం చేసుకున్న రోజున భవనాలు చూశాము, బస్సు రూట్లు అడిగాము. ఇది అడగాలని మాకు తోచలేదు.

2024 జులై 6

ఈ రోజు శాఖకు వెళ్లి కాలపరిమితి రాసిచ్చి వచ్చాము. పదిహేనేళ్ల వరకు వ్యవధి పెట్టుకోవచ్చునని అక్కడి ఉద్యోగి మంచి మనసుతోనే చెప్పారు. వడ్డీ రేటు ప్రస్తుతం 10.5 శాతం. పదిహేనేళ్లకైతే నెలకు 5,888, పదేళ్లకైతే 7,187, ఏడేళ్లకైతే 8,981 రూపాయలు. ఇంటి దగ్గర ముందే వేసుకున్న లెక్క నా చేతిలో ఉంది: పదిహేనేళ్లు కడితే మొత్తం 10 లక్షల 60 వేలు దాటదు గానీ దాదాపు అంతే అవుతుంది, అంటే అసలుకు అసలంత వడ్డీ, ఏడేళ్లకైతే వడ్డీ 2 లక్షల 22 వేల లోపు ఆగుతుంది. ఏడేళ్లు రాయించాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్నగారు, "శాతాలు నాకు అంతుపట్టవు, నూటికి నెలకెంత పడుతుందో చెప్పు" అన్నారు. పన్నెండుతో భాగించి ఎనభై ఏడున్నర పైసలని చెప్పాను. "రూపాయి కూడా లేదన్నమాట, ధర్మవడ్డీ కంటే తక్కువే" అని ఆయన కొంచెం తేలికపడ్డారు. ఆయన ముఖం ఆ తర్వాత ఎందుకో మళ్లీ ముడుచుకుపోయింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

2024 ఆగస్టు 5

మొదటి వాయిదా పోయింది. 8,981 రూపాయలలో 4,661 వడ్డీకి, 4,320 అసలుకు జమ అయ్యాయి. నిల్వ 5,28,320.

నా జీతం సంగతి కూడా ఇక్కడ రాసుకోవాలి. నాలుగో సంవత్సరంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, చేర్చుకునే తేదీని మూడుసార్లు వాయిదా వేసి, చివరికి జవాబివ్వడం మానేసింది. ఎదురుచూడడంలోనే ఎనిమిది నెలలు గడిచాయి. ప్రస్తుతం భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ట్రైనీగా ఉన్నాను. జీతం 15,000, పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికి 13,447. వాయిదా కట్టాక మిగిలేది 4,466. ఇంటి దగ్గరే ఉంటున్నాను కాబట్టి తిండికీ అద్దెకూ ఖర్చు లేదు, హైదరాబాదులో ఇరవై అయిదు వేలకు చేరిన నా స్నేహితురాళ్ల కంటే నెలాఖరున నా చేతిలోనే ఎక్కువ ఉంటోంది. ఈ విషయం మా అమ్మకు చెబితే ఒప్పుకోదు.

2024 సెప్టెంబరు 29

నాలుగు వేల మిగులుతో ఏడేళ్ల అప్పు తొందరగా తీరదు. ఆకివీడులో మా బాబాయికి కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే వైండింగ్ షాపు ఉంది. ఆదివారాలూ, వారంలో రెండు సాయంత్రాలూ అక్కడ పని నేర్చుకుంటానని అడిగితే, "బీటెక్ చదివి వార్నిష్ చేతులకు పూసుకుంటావా" అని నవ్వి, మరుసటి ఆదివారమే ఒక కాలిన మోటారు నా ముందు పెట్టారు.

మా ప్రాంతంలో రొయ్యల చెరువు అంటే ఏరేటర్లు, నీటిని చిలికి గాలి కలిపే చక్రాలు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది; రాత్రి అది కూడా పీల్చుకునేదే అవుతుంది, అందువల్ల తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది. ఆ వేళ చక్రాలు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. నీటి మధ్య తెప్పల మీద రాత్రంతా తిరిగే ఆ రెండు హార్స్ పవర్ మోటార్లు ఉప్పు తేమకు, ఆయిల్ సీలు దాటి లోపలికి చేరే నీటికి, మూడు కరెంటు లైన్లలో తరచూ పోయే ఒక ఫేజుకు కాలిపోతూనే ఉంటాయి.

పని క్రమం ఇది. ముందు నేమ్‌ప్లేటు మీద ఉన్నదంతా, కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్లింది, మూడు ఫేజుల కాయిళ్లను కలిపిన పద్ధతి స్టారా డెల్టానా అన్నదంతా నోటుపుస్తకంలో రాసుకోవాలి. విప్పేశాక ఇక చూసుకోవడానికి ఏమీ మిగలదు. తర్వాత కాలిన తీగను కోసి లాగి, స్లాట్లను శుభ్రం చేసి, ఇన్సులేషన్ కాగితం మడిచి పెట్టి, ఫార్మా అనే అచ్చు మీద కొత్త కాయిళ్లు చుట్టి ఒక్కొక్కటిగా దించాలి. తీగ మీది ఎనామిల్ పూత ఎక్కడా గీసుకుపోకూడదు. కట్లు కట్టి, వార్నిష్ పోసి, ఆరాక మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో పరీక్షించాలి. కళాశాలలో నాలుగేళ్లూ ఇండక్షన్ మోటారు సర్క్యూట్ బొమ్మ గీసిన నేను మొదటి మోటారుకు రెండు ఆదివారాలు తీసుకున్నాను, అది కూడా తిప్పితే వెనక్కి తిరిగింది. రెండు ఫేజులు మార్చి కట్టడం నిమిషం పనే గానీ షాపులో అందరూ చూశారు.

ఒకటి మాత్రం పుస్తకంలో చదివింది చేతికి తగిలి ఆనందం కలిగించింది. స్టార్ కనెక్షను మోటారు ఫేజు పోవడం వల్ల కాలితే మూడింట రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి మూడోది మామూలుగానే ఉంటుంది. డెల్టా అయితే ఒకే ఫేజు కాలుతుంది. మూత తీసిన వెంటనే కారణం కళ్లెదుట కనిపిస్తుంది. నేర్చుకునే కాలమంతా మోటారుకు 300 రూపాయలు, చేయి తిరిగాక 700 ఇస్తానని బాబాయి అన్నారు.

2024 డిసెంబరు 12

నవంబరు 20న మూడు నెలల వైండింగ్ సంపాదన 12,000 రూపాయలు రుణ ఖాతాలో కట్టాను. డిసెంబరు 5న వాయిదా కోతపడలేదు. రెండు రోజులు చూసి శాఖకు వెళితే, నేను ఎక్కువగా కట్టిన సొమ్మును సిస్టమ్ రాబోయే వాయిదాకు ముందస్తు చెల్లింపుగా తీసుకుందని చెప్పారు. సొమ్ము చేరిన రోజు నుంచి వడ్డీ తగ్గుతుంది కాబట్టి నష్టం లేదన్నారు. నష్టం లేకపోవచ్చు, కానీ నేను అదనంగా కట్టాలనుకున్నది అదనంగా మిగలలేదు, ఈ నెల వాయిదాగా మారిపోయింది. ఆ 12,000 అసలులోంచి తగ్గి, నెలవారీ వాయిదా యథాతథంగా ఉంటే చివరి వాయిదాలలో రెండింటికి పైగా ఎగిరిపోతాయి. అదే నేను కోరుకున్నది.

తెల్ల కాగితం మీద ఉత్తరం రాసిచ్చాను: నేను వాయిదాకు మించి కట్టే ప్రతి మొత్తాన్నీ అసలు నుంచి పాక్షిక ముందస్తు చెల్లింపుగా తగ్గించాలి, వాయిదా మొత్తం మార్చకూడదు, కాలపరిమితి తగ్గించాలి, ఆ నెల వాయిదా కూడా ఎప్పటిలాగే తీసుకోవాలి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ రుణాలను ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన 2014 నుంచి ఉంది, అందుచేత ఆ పేచీ రాలేదు. ఈ నెల వాయిదా స్వయంగా కట్టాను. నిల్వ 4,98,600 దగ్గరికి వచ్చింది. అయిదు లక్షల కిందకు దిగింది.

2025 జనవరి 17

పండుగ మూడు రోజులూ షాపు మూసే ఉంది. భీమవరం చుట్టుపక్కల సంక్రాంతికి ఎవరి మోటారు కాలినా కనుమ దాటేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. ముక్కనుమ నాడు భోజనాలయ్యాక నోటుపుస్తకం తెచ్చి, అప్పు అయిదు లక్షల లోపుకు వచ్చిందని గట్టిగా చదివి వినిపించాను. నాన్నగారు లేచి వాకిట్లోకి వెళ్లారు. అమ్మ కాసేపు విస్తరాకుల వంక చూస్తూ కూర్చుని, "ఇంకో అరవై వేలు కూడా రాసుకో" అంది.

2021 ఆగస్టులో, మూడో సంవత్సరం మొదట్లో, నాకు ల్యాప్‌టాప్ కొన్నారు, హాస్టల్ బకాయి తీర్చారు, పరీక్ష ఫీజులు కట్టారు. బ్యాంకు ఇచ్చిన లక్ష కళాశాల ఫీజుకే సరిపోయింది కాబట్టి ఆ అరవై వేలు ఊళ్లో ఒక వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చారు. నెలకు 1,200 వడ్డీ ఒక్క నెల తప్పకుండా కడుతున్నారు. మూడేళ్లు నిండితే నోటు చెల్లదు కాబట్టి క్రితం ఆగస్టులో, అంటే నా మొదటి బ్యాంకు వాయిదా పోయిన నెలలోనే, దాన్ని తిరగరాశారు. ఇప్పటికి 41 నెలలకు 49,200 రూపాయలు వడ్డీ కిందనే పోయింది. అరవై వేలలో ఒక్క రూపాయి తగ్గలేదు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. నవంబరులో నేను గర్వంగా బ్యాంకులో కట్టిన 12,000 నెలకు 105 రూపాయల వడ్డీ ఆపింది. అదే సొమ్ము ఈ నోటు మీద జమ వేయించి ఉంటే నెలకు 240 ఆగేది. ప్రాజెక్టులో సగం లెక్క నాకు చూపించకుండా మిగతా సగాన్ని నా చేత పైసలతో సహా రాయించారనిపించింది. నాన్నగారిని అడిగితే, "బ్యాంకు ఉత్తరం పోస్టులో వస్తుంది, ఆయన మనిషి గుమ్మంలోకి వస్తాడు. ఆయన పేరు నీ పుస్తకంలో ఎక్కడం నాకిష్టం లేదు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మిల్లులో ముప్పై ఏళ్లుగా ఇతరుల బస్తాల లెక్క ఒక్క గింజ తేడా లేకుండా రాసిన మనిషి ఆయన.

పుస్తకంలో కొత్త పేజీ తీసి, ఎడమ వైపు నూటికి రెండు రూపాయలు, కుడి వైపు ఎనభై ఏడున్నర పైసలు అని రాశాను. ఇకపై మిగిలే ప్రతి రూపాయీ ఎడమ వైపుకే వెళ్లాలి.

2025 జనవరి 27

ఎడమ వైపు అప్పును చిన్న చిన్న జమలతో తీర్చడానికి వ్యాపారి ఒప్పుకోలేదు. ఒకేసారి అయితే తీసుకుంటానన్నారు. అమ్మ తన రెండు కాసుల గొలుసు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను వద్దన్నాను. బంగారం బ్యాంకులో పెట్టడం మా ఇంట్లో ఇప్పటిదాకా జరగలేదు, వాయిదా తప్పితే వేలం వేస్తారన్న భయం కూడా ఉంది. అయినా లెక్క ముందు ఆ భయం నిలబడలేదు: గ్రాము ధర ఏడు వేలు దాటి ఉంది, ధరలో 75 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చు, వడ్డీ ఏడాదికి తొమ్మిదిన్నర శాతం. నెలకు 1,200 కట్టే చోట 475తో మొదలై ప్రతి జమకూ తగ్గుతుంది.

ఈ రోజు 60,000 తీసుకొని నేరుగా వ్యాపారి ఇంటికి వెళ్లాము. ఆయన సొమ్ము లెక్కపెట్టుకుని, నోటు వెనుక చెల్లు రాసి నాన్నగారి చేతికి ఇచ్చారు. దారిలో ఉండి కాలువ వంతెన మీద ఆగి నాన్నగారు దాన్ని నాలుగు ముక్కలు చేశారు. జేబులో పెట్టుకుంటారా, నీళ్లలో వేస్తారా అని చూశాను. జేబులోనే పెట్టుకున్నారు.

2025 ఏప్రిల్ 20

బంగారం అప్పుకు ఫిబ్రవరి నుంచి నెలకు 7,000 చొప్పున పడుతోంది, అంటే నెలకు పది మోటార్లు. బ్యాంకు వాయిదా మామూలుగా పోతోంది, నిల్వ 4,79,800. రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే రెపో రేటును ఫిబ్రవరిలో 6.25కు, ఈ నెలలో 6 శాతానికి తగ్గించింది. నా రుణం రెపోతో ముడిపడి ఉంది కాబట్టి ఏప్రిల్ వాయిదాలో రేటు 10.25గా కనిపించింది. దీనికి నేను చేసిందేమీ లేదు.

ఆఫీసులో ఒక అన్నయ్య ఆదాయపు పన్ను చట్టంలోని 80ఇ సెక్షను కింద విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని, ఎనిమిదేళ్ల దాకా, పరిమితి లేకుండా వాడుకోవచ్చునని ఎంతో ఉత్సాహంగా చెప్పారు. అది నిజమే, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవారికి. ఏడాదికి లక్షా ఎనభై వేల జీతం మీద నాకు ఏ విధానంలోనూ పన్ను పడదు. ఈ సలహా ఇచ్చేవారందరూ ఎదుటివాడికి పన్ను కట్టేంత జీతం ఉందని అనుకుంటారు.

మార్చిలో ఒక రాత్రి రెండున్నరకు కాళ్ల మండలం నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. ఏరేటర్లు నాలుగూ గుంయ్‌మంటున్నాయి గానీ తిరగడం లేదన్నారు. ముందు స్టార్టర్లన్నీ ఆపెయ్యమని చెప్పి బాబాయితో కలిసి బండి మీద వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి రెండు ఫేజులే వస్తున్నాయి. ఇంకో పది నిమిషాలు అలాగే ఉంచితే నాలుగు మోటార్లూ షాపుకు వచ్చేవి. జనరేటరు వేసి చక్రాలు తిప్పించేసరికి నాలుగు దాటింది. గట్టు మీద టీ తాగుతూ ఆయన, "అమ్మాయిగారూ, ఇది మళ్లీ జరక్కుండా ఏదైనా ఉందాండీ?" అని అడిగారు. ఉందన్నాను. ఫేజు పోతే స్టార్టరును తానే ఆపేసే రిలే ఖరీదైన వస్తువేమీ కాదు. ఆయన చెరువుల మీద ఆరు బిగించాను, ఆయన చెప్పగా పక్కవారు మరో పదకొండు బిగించుకున్నారు. ఒక్కోదానికి బిగింపు కూలి 300. "కాలితే ఏడొందలు, కాలకుండా చేస్తే మూడొందలు. మన కడుపు మనమే కొట్టుకుంటున్నామమ్మా" అని బాబాయి నవ్వారు గానీ రిలేలు తెప్పించడం మానలేదు.

2025 జులై 13

జూన్‌లో రెపో 5.50కి తగ్గింది. ఈ నెల నుంచి నా రేటు 9.5 శాతం, వాయిదాలో వడ్డీ భాగం 3,720. నిల్వ 4,64,600. వేరే రాయవలసిందేమీ లేదు.

2025 సెప్టెంబరు 21

ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. మా చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే కాబట్టి మా ప్లాంటులో రాత్రి షిఫ్టు తీసేశారు, ఓవర్‌టైము పూర్తిగా పోయింది. నా ఉద్యోగం ఉంది. ప్యాకింగ్ వైపు కాంట్రాక్టు మీద ఉన్న ఆడవాళ్లు చాలామందిని రావద్దన్నారు. వాళ్లలో కొందరికి డ్వాక్రా వాయిదాలు ఉన్నాయని వాళ్ల మాటల్లో విన్నాను.

షాపు వైపు దెబ్బ మరో రకంగా తగిలింది. కౌంటు ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన పలికే ధరలు, పడిపోయి కొందరు పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక చెరువులను ఖాళీగా వదిలేశారు, తిరిగే ఏరేటర్లు తగ్గాయి. చేసిన పనికి డబ్బు అడిగితే "పట్టుబడికి ఇస్తానండీ" అంటున్నారు. బాబాయి ఇప్పటిదాకా ఎవరినీ గట్టిగా అడగలేదు. ఈ నెల నాకు 3,000 మాత్రమే ఇవ్వగలిగారు. నేను కూడా గట్టిగా అడగలేదు. అది అలాగే బంగారం ఖాతాకు కట్టాను. ఇంకా పదివేల చిల్లర ఉంది.

2025 అక్టోబరు 11

దసరాకు మిల్లులో ఇచ్చిన బోనసు నాన్నగారు కవరు విప్పకుండా తెచ్చి నా చేతికిచ్చారు. నా దగ్గరున్నది కలిపి బంగారం అప్పు 10,200 తీర్చి గొలుసు తెచ్చాము. ఎనిమిదిన్నర నెలల్లో దీనికి పడిన వడ్డీ దాదాపు 2,200. ప్రోనోటు అలాగే ఉండి ఉంటే ఈ పాటికి మరో 10,200 వడ్డీ పోయేది, అరవై వేలూ అరవై వేలుగానే ఉండేవి. అమ్మ గొలుసును మెడలో వేసుకోకుండా బీరువాలో పెట్టింది. మళ్లీ అవసరం పడుతుందేమోనని ఆమె ఉద్దేశం కావచ్చు, నేను అడగలేదు.

2025 నవంబరు 23

అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఇంటి వెనుక కొబ్బరిచెట్లు రెండు పడ్డాయి, ఇంటికి ఏమీ కాలేదు. చేతికొచ్చిన సార్వా వరి ఒరిగి నీళ్లలో ఉండిపోయింది. నాన్నగారి మిల్లుకు ఈ ఏడాది ఎలాంటి ధాన్యం వస్తుందో ఇప్పుడే చెప్పలేము.

షాపు ముందు మాత్రం మోటార్లు వరుస కట్టాయి. గట్లు తెగి మునిగిన స్టార్టర్లు, బురద నిండిన గేర్‌బాక్సులు, పొలాల మీద నీళ్లు తోడి తోడి కాలిన పంపులు వచ్చాయి. మునిగిన మోటారంతా కాలినట్టు కాదు. విప్పి, మంచినీటితో కడిగి, బేరింగులు మార్చి, బల్బుల పెట్టెలో రెండు రోజులు ఆరబెట్టి మెగ్గర్ చూస్తే చాలావాటికి తీగ మార్చే అవసరం రాలేదు. ఆరబెట్టకుండా కరెంటు ఇచ్చినవే కాలిపోయాయి. ముందుగా ఈ ఒక్క మాట చెప్పేవారుంటే సగం ఖర్చు తప్పేది. అందుకని షాపు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: తడిసిన మోటారుకు కరెంటు ఇవ్వకండి.

ప్లాంటులో సెలవు పెట్టుకొని పన్నెండు రోజులు షాపులోనే ఉన్నాను. సెలవుల జీతం కోత పోగా 18,000 మిగిలాయి. నవంబరు 20న వాటిని రుణ ఖాతాలో కట్టి, గత ఏడాది ముద్ర వేయించుకున్న ఉత్తరం నకలును మళ్లీ జతచేసి ఇచ్చాను. ఎవరి పంటో మునిగితే నా అసలు తగ్గిందన్న సంగతి ఆ చలానా రాసేటప్పుడు గుర్తుకు రాకపోలేదు. మోటారు బాగుచేయించుకున్న ఇద్దరు కౌలు రైతుల దగ్గర బాబాయి కూలి తీసుకోలేదు; తీగ ఖరీదు మాత్రమే తీసుకున్నారు. నా వాటా నుంచి ఆ 1,400 తగ్గించుకోమని చెప్పాను, తగ్గించుకున్నారు.

2025 డిసెంబరు 14

ఈసారి 18,000 అసలుకే వెళ్లింది, 5వ తేదీ వాయిదా కూడా మామూలుగా కోతపడింది. నిల్వ 4,19,560. ఇదే 5వ తేదీన రెపో 5.25కు తగ్గింది, నా ఖాతాలో రేటు ఇంకా 9.5 గానే ఉంది. వచ్చే నెల స్టేట్‌మెంటులో మారకపోతే ఉత్తరం రాయాలి. 9.25 అయితే జనవరి వాయిదాలో వడ్డీ 3,234, అసలు 5,747. మొదటి వాయిదాలో ఇవి 4,661, 4,320.

పదిహేడు వాయిదాలు పోయాయి. మొదటి పట్టిక ప్రకారం ఇంకా 67 ఉండాలి, ఇప్పటి లెక్కకు 58 ఉన్నాయి. నాలుగేళ్లలో తీర్చాలని మొదట్లో నేను అనుకున్నది జరగదు. అయిదున్నరేళ్లకు జరగవచ్చు, అది కూడా షాపులో పని దొరుకుతూ ఉంటే. ప్లాంటులో ట్రైనీ నుంచి టెక్నీషియన్‌గా మార్చే విషయం ఏప్రిల్‌లో చూస్తామన్నారు. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు నెలనెలా పుస్తకంలో అంకెలు నాన్నగారే రాస్తున్నారు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజి నేను చదువుతాను, ఆయన మిల్లు చిట్టాలో రాసినట్టే రూపాయి గుర్తు వేసి, అంకె చివర రెండు గీతలు గీసి, పక్కన నూటికెంత పడుతుందో పైసల్లో వేస్తారు. ఈ నెల గడిలో డెబ్భై తొమ్మిది పైసలు అని ఉంది. దాని కింద, నేను ఇంకా నింపని గడిలో, పెన్సిలుతో డెబ్భై ఏడు అని రాసి పెట్టారు.